సానగొండ గడపమ్మ వెలసిన కథ

సానగొండ మీది పాత కోటలో గోపురం లేదు, విగ్రహం లేదు. ద్వారంలో అడ్డంగా పరచిన నల్లరాతి గడపే ఇక్కడ దేవత. పసుపు పూసి బొట్లు పెట్టిన ఆ రాతిని భక్తులు గడపమ్మగా కొలుస్తారు.

ఈ కొండ పేరే ఇంటిపేరైనవారు చుట్టుపక్కల వేలల్లో ఉన్నారు. కనుమను కాపాడిన దళవాయి పేరమనాయుడు, శతకం చెప్పిన మల్లన, ఏటికి కాలువ తవ్వించిన తిమ్మానాయుడు వారిలో పేరుమోసినవారు.

పూర్వం ఇక్కడ దోపిడీ దండు దిగినప్పుడల్లా సానగొండవారంతా కోట ఎక్కేవారు. లోపల ఉన్నది ఒకే బావి. అందుకని ఆ ఇంటిపేరు గలవారికే కోటలో చోటని పేరమనాయుడు కట్టడి చేసి పోయాడు.

ఒక వేసవిలో దండు మళ్లీ వచ్చింది. సానగొండవారి కోడలు నాగసాని అత్తింటివారితో లోపలికి చేరింది గాని, ప్రాణమంతా బయటే ఉంది. కూతురు గంగసానిని తూర్పు ఊరికి ఇచ్చారు. నెలలు నిండిన పిల్ల. ఆ దిక్కునే పొగ లేస్తోంది.

మిట్టమధ్యాహ్నం గంగసాని కడుపు పట్టుకుని ఒక్కతే కొండెక్కి వచ్చింది. ద్వారం దగ్గర తాత ముత్యాలనాయుడు కర్ర అడ్డం పెట్టాడు.

"తాతా, నేనే!"

"చూస్తూనే ఉన్నాను తల్లీ. నీ ఇంటిపేరు మారింది. దళవాయి మాట నేను దాటలేను." ఆయన కర్ర తీయలేదు.

కొండ కింద దుమ్ము రేగుతోంది. నాగసాని పరుగున వచ్చింది. "మామా, నా వంతు నీళ్లు దానికిస్తాను."

"ఇవాళ నీ కూతురు, రేపు ఇంకొకరి కూతురు. బావి ఎన్నాళ్లు ఆగుతుంది?"

"నేను పుట్టింది మొగలిపూడివారింట. మూడు ముళ్లతో మీ పేరొచ్చింది. మీ ఇంట పుట్టిన పిల్లకు మూడు ముళ్లతోనే మీ పేరు పోయిందా?"

"ఆచారం అంతే."

"అయితే మేమూ బయటివాళ్లమే."

నాగసాని గడప దాటి కూతురి పక్కన కూర్చుంది. అనేసి ద్వారం వైపు చూసింది. తన వెనక ఎవరైనా వస్తారా? గుర్రాల చప్పుడు వినవస్తోంది. అప్పుడు తోడికోడలు లక్కమ్మ చంకలో పిల్లతో వచ్చింది. "జరుగక్కా, నాకూ చోటియ్యి." ఆ వెనక ఒక్కొక్కరే నలభైమంది కోడళ్లు బయటికొచ్చారు.

"పిల్లల్నైనా వదలండే! వాళ్లు మా వంశం!" అని అరిచాడు ముత్యాలనాయుడు.

"పాలు కూడా దళవాయే ఇస్తాడేమో అడుగు మామా," అంది లక్కమ్మ.

గుర్రాలు కొండ మొదటి మలుపు తిరిగాయి. ముసలాయన కర్ర పారేశాడు. "రండమ్మా, త్వరగా!"

గడప దాటబోతూనే గంగసానికి నొప్పులు ముంచుకొచ్చి ఆ రాతి మీదే కూలబడింది. ఆమె లేస్తే గాని తలుపు పడదు. ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు. మగవాళ్లు బురుజు మీదనుంచి రాళ్లు దొర్లించి దండును నిలవేశారు. గడప మీదే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలను లోపలికి ఎత్తుకున్న మరుక్షణం తలుపులు మూశారు. దండు మూడురోజులు కాచి వెళ్లిపోయింది. బావి అడుగంటలేదు.

ఆనాడే ముత్యాలనాయుడి కలలోకి ఒక ముసలావిడ వచ్చిందట. "నేను పేరమనాయుడి తల్లిని. నేనూ ఈ గడప దాటి వచ్చినదాన్నే. ఇకమీద దీని బయట నిలబడవలసింది మీరు," అందట. మెలకువ వచ్చాక, ఆవిడ పేరేమిటో అడగలేదే అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. పేరు తెలియక గడపమ్మా అనే పిలిచి ఆ రాతికి మొక్కాడు.

నేటికీ సానగొండ ఇంటిపేరు గల మగవాళ్లు, ఎంతటివారైనా, తమంతట తాము గడప దాటరాదు. ఇంకో ఇంటికి వెళ్లిన ఆడపడుచు వచ్చి రమ్మని పిలవాలి. అక్కచెల్లెళ్లతో మాటలు మానుకున్నవారు ఎండలో నిలబడి కబురు మీద కబురు పంపడం ప్రతి తిరునాళ్లలో కనిపిస్తుంది. నెలలు నిండిన స్త్రీలు ఈ రాతి మీద కూర్చుంటే సుఖప్రసవం అవుతుందని నమ్మిక. కూర్చున్నవారిని లేవమనే అధికారం ఇక్కడ పూజారికి కూడా లేదు.