మూత తీయని డబ్బా

జమీందారుగారి మోటారు పడవ కోసం తెప్పించిన పెట్రోలు తెల్లారేసరికి మాయమైంది.

"దొంగ వీడే ప్రభూ!" అన్నాడు దివాను జగ్గారాయుడు, పడవ నడిపే పైడయ్యను చూపించి.

కొరడా పట్టుకుని బంటు ముందుకొచ్చాడు. పైడయ్య ఓరకంట దివాను వైపు చూశాడు. ఆ ఊళ్లో జమీందారుకు కాక కారున్నది దివానుకే. కానీ ఆ మాటంటే నాలుక కోసేస్తారు.

గబాలున జమీందారు కాళ్లమీద పడ్డాడు. "దొంగతనం చెయ్యలేదు బాబూ! అంతకన్నా పెద్ద తప్పే చేశాను. పడవ ఇంజనుకు పెట్రోల్లో ఆయిలు కలపాలి గదా! నిన్న సాయంత్రం ఒక గ్లాసు పొయ్యాల్సింది, ఆరు గ్లాసులు పోసేశాను. ఆ పెట్రోలు ఏ కార్లో పోసినా ఇటుకబట్టీలా పొగ కక్కుతుంది. కొడితే ఆ తప్పుకు కొట్టండి!"

జమీందారు మీసం దువ్వుకున్నాడు. "దివానుగారూ, మీ కార్లో అలా ఏటిదాకా పోయొద్దాం పదండి."

దివాను ముఖాన నెత్తురుచుక్క లేదు. "ఇవాళ నా కారు వద్దు ప్రభూ, పొగ..." అని నాలుక కరుచుకున్నాడు.

బంటు కొరడాతో అటు తిరిగాడు. పైడయ్య తన సంచిలోంచి ఆయిలు డబ్బా తీసి జమీందారు ముందు పెట్టాడు.

"ఇంకా మూతే తియ్యలేదు బాబూ."