పాము గుడ్లకు గది

భానోజీరావు మాష్టారిని ప్రశ్న అడగడమంటే పని కొనితెచ్చుకోవడమే. జవాబు చెప్పకుండా, అడిగినవాళ్ల చేతికి సుత్తో చీపురో అందించేవారాయన. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాక కొండ దిగువన ఉన్న సొంతూరు చేరి, ఇళ్లలో దూరిన పాములను పట్టి అడవిలో వదిలేవారు. ఆ విద్య నేర్చుకోవాలని వచ్చి శిష్యురాలైంది హైమ. ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే తండ్రి దగ్గర పెరిగి, తానూ ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి.

ఆ వేసవిలో ఊరివాళ్లు జీడితోటలో ఒక గిరినాగును రాళ్లతో కొట్టి చంపారు. చెట్లు నరకబోయినవాళ్ల మీదికి అది నిలువెత్తున పడగ విప్పి లేచిందట. ఎందుకు లేచిందో చచ్చాక తెలిసింది. వెనకాల ఎండుటాకులు పోగేసి కట్టుకున్న గూడు, అందులో తెల్లటి గుడ్లు. కాపు కాసే తల్లి లేదు, ఆకులు చెదిరిపోయాయి, తోటా పోబోతోంది. మాష్టారు అటవీశాఖవారి అనుమతి తీసుకుని, ఆ గుడ్లను పొర్లిపోకుండా బుట్టలో సర్ది ఇంటికి తెచ్చారు.

"వీధి వైపున్న మన కొట్టుగదిని పొదిగే గదిగా మార్చాలి హైమా. మనిషి లోపలికెళ్లి తిరిగేలా ఉండాలి" అన్నారు.

హైమకు పట్టలేనంత ఉత్సాహం వచ్చింది. ఇన్నాళ్లూ చల్లదనాన్ని బంధించిన చేతులు ఇప్పుడు వేడిని బంధించాలి! మూతపడిన ఐస్‌క్రీం దుకాణం నుంచి థర్మోకోల్ పలకలు తెచ్చి గోడలకూ కప్పుకూ అతికించింది. వేడి తగ్గితే వెలిగి, పెరిగితే ఆరిపోయేలా బల్బులు అమర్చింది. గాలి అంతటా తిరగడానికి చిన్న ఫ్యాను, తేమకు నీళ్ల పళ్లేలు పెట్టింది. గాజు మూతల పెట్టెల్లో తడిపిన కొబ్బరిపొట్టు పరిచి గుడ్లు దించింది. బల్బులు మొదటిసారి వాటంతట అవే ఆరి, మళ్లీ వాటంతట అవే వెలిగినప్పుడు, గదిలో ఒక్కతే నిలబడి చప్పట్లు కొట్టుకుంది.

ఆ సంబరంలోనే ఆమెకొక సందేహం కలిగింది.

"మాష్టారూ, ఈ కాసిని గుడ్లకు ఒక పాత ఫ్రిజ్ పెట్టె సరిపోయేది కదా. మనిషి పట్టే గది ఎందుకు కట్టించారు?"

మాష్టారు ఆమె చేతిలో టార్చిలైటు పెట్టి, "వెళ్లి వీధి తలుపు తెరువు" అన్నారు.

తెరవగానే వచ్చిన మొదటి మనిషి ఎర్రయ్యమ్మ. ఆమె తమ్ముడు పాము కాటుకు పోయాడు. జీడితోటలో మొదటి రాయి విసిరిందీ ఆమే.

"మడుసులకి గూడు లేదు గానీ, పాములకి గది కడతారా మేస్టారూ?" అని గుమ్మంలోంచే కేకలేసింది.

"లోపలికొచ్చి తిట్టమ్మా. తలుపు తెరిచి ఉంటే వేడి పోతుంది" అన్నారాయన.

తిట్టడానికే వచ్చింది కాబట్టి లోపలికి వచ్చింది. హైమ టార్చి వెలిగించి ఒక గుడ్డుకు ఆనించింది. గుడ్డంతా ఎర్రగా వెలిగి, లోపల సన్నని నెత్తుటి దారాలు కనిపించాయి. వాటి నడుమ చుట్ట చుట్టుకున్న నీడ ఒకటి మెల్లగా అటు నుంచి ఇటు జరిగింది. ఎర్రయ్యమ్మ గుడ్డు మీదికి వంగి చూసింది.

"కదుల్తంది" అంది చివరికి గుసగుసగా. తిట్టడం మరిచి వెళ్లిపోయింది. మర్నాడు కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది.

ఇక ఊరు రావడం మొదలైంది. తలుపు తీసినప్పుడల్లా గది వేడిని చూపే మీటరు ముల్లు పడిపోతుంటే హైమకు ఒళ్లు మండేది. లోపల మరో తలుపు బిగించి, ఒకటి మూశాకే రెండోది తెరవాలని వచ్చినవాళ్లందరికీ చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది.

"వీళ్ల ముచ్చట కోసం గుడ్లు చల్లబడి చస్తే ఎలా మాష్టారూ?" అని ఒకరోజు గట్టిగానే అడిగింది. ఆయన వేరుశనగకాయలు ఒలుచుకుంటూ, గుమ్మంలో తటపటాయిస్తున్న ఇంకెవరినో లోపలికి పిలిచారు.

గుడ్లు చీలే వేళ దగ్గరపడ్డాక, ఒక మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడింది. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. గదికి పెట్టిన బ్యాటరీ కాసేపు లాగి చేతులెత్తేసింది. ముల్లు దిగడం మొదలైంది. హైమ పొయ్యి మీద నీళ్లు కాచి, సీసాల్లో పోసి పెట్టెల పక్కన పెట్టింది. ఉన్నది ఒక్క పొయ్యి. ఒక సీసా వేడెక్కేలోగా ముందు పెట్టింది చల్లారిపోతోంది. ముల్లు ఇంకా దిగుతూనే ఉంది. ఆమెకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు తలుపు దబదబా మోగింది. తెరిస్తే, వానలో తడిసి ముద్దయి, గోనెపట్టా చుట్టిన బిందె చంకనెత్తుకుని ఎర్రయ్యమ్మ! ఆమె వెనక గొడుగుల కింద, కొంగుల కింద, ఇంకెన్నో బిందెలు, ఆవిర్లు కక్కుతూ.

"అలా సూత్తావేటి తల్లీ? నీల్లు సల్లారిపోతాయి, తప్పుకో!"

"మీకెలా తెలిసింది?"

"కరెంటు పోతే గది సల్లబడిపోదేటి? తలుపేసుకోండని రోజూ మా పేనాలు తీసింది నువ్వు కాదా?"

ఒకరు చల్లారిన బిందె ఎత్తుకెళుతుంటే ఇంకొకరు కాగినది తెచ్చారు. ఒక తలుపు మూశాకే రెండోది తెరుస్తున్నారు, ఎవరూ చెప్పకుండానే. ముల్లు ఆగింది. తర్వాత నెమ్మదిగా పైకి లేచింది. కరెంటు తిరిగి వచ్చేదాకా ఆ ఊళ్లో పొయ్యిలు ఆరలేదు.

కొన్నాళ్లకు ఒక ఉదయం తోలులాంటి పెంకు చీలి, అందులోంచి తడితడిగా ఒక మూతి బయటికొచ్చింది. కబురు వీధులన్నీ చుట్టేసింది. గది కిటకిటలాడింది. పసుపు పట్టీల నల్లటి పిల్ల ఒకటి గాజు మూత కింద పూర్తిగా బయటపడి, తల ఎత్తి, బొటనవేలంత పడగ విప్పింది.

"మాయమ్మే! పుట్టీ పుట్టగానే ఎంత రోసం!" అని ఎర్రయ్యమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాటికి చివరి గుడ్డు కూడా చీలింది. హైమ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"మాష్టారూ, అన్నీ పిల్లలయ్యాయి! ఒక్కటీ పోలేదు!"

మాష్టారు వీధి మెట్ల వైపు చూస్తున్నారు. పక్క ఊరి నుంచి ఎవరో పెద్దాయన వచ్చి, వెదురుకర్ర గట్టిగా పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియక మెడ సాచి చూస్తున్నాడు. మాష్టారు ఆయనకు దారి ఇస్తూ పక్కకు జరిగి,

"అప్పుడే అన్నీ అనకమ్మా. పొదగాల్సింది ఇంకొకటి వచ్చింది" అన్నారు.