గంపలో కోడి నేర్పిన నీడాట

ఎండలు ముదిరి చెరువు అడుగంటిన ఏడు, కొంగ పంతులు బడికి సెలవులిచ్చేసి నీళ్ళున్న ఊరు వెతుక్కుంటూ ఎగిరిపోయాడు. ఆయనకేం, ఒంటికాలి మీద బతికే సన్నాసి. పిల్లలు మాత్రం దొడ్లోనే మిగిలిపోయారు.

ముగ్గురు మేకపిల్లలు, ఒక బర్రెదూడ, రెండు కుక్కపిల్లలు. పొద్దున్నే లేచి "ఏం తోచట్లేదు" అని మొదలుపెడితే, కళ్ళు మూతలు పడేదాకా అదే పాట. తల్లులకా, పనుల్లో ఊపిరాడదు. బర్రె పాలిచ్చి మేతకు పోవాలి. మేక మందతో పోవాలి. కుక్క రాత్రంతా కాపలా కాసి పగలు కాస్త కునుకు తీయాలి. ఇక తండ్రులంటారా, వాళ్ళు గడ్డివాము నీడలో ఉన్నారు.

చుక్కలపెట్ట కొట్టం గుమ్మం పక్కన గంపలో ఉంది. గంపలో ఊక, ఊక మీద పదకొండు గుడ్లు, గుడ్ల మీద తను. పొదగడం మొదలెట్టి పద్నాలుగు రోజులైంది. ఇంకో వారం ఆగితే పిల్లలు. రోజుకొక్కసారి లేచి, నాలుగు గింజలు ఏరుకుని, రెండు గుక్కలు తాగి, గుడ్లు చల్లారకముందే పరుగున వచ్చి కూర్చుంటుంది. ఒక్కో గుడ్డునూ ముక్కుతో తిప్పుతుంది, లోపలి పిల్ల పెంకుకి అంటుకుపోకుండా. వెచ్చదనం నేరుగా తగలాలని రొమ్ము మీది ఈకలు తనే పీక్కుంది. జ్వరమొచ్చినట్టు ఒళ్ళు కాలుతూనే ఉంటుంది. దీనికి ఆమె మొగుడు డేగపుంజు పెట్టిన పేరు, "ఖాళీగా కూర్చోవడం".

పోయిన వేసవిలోనూ ఇలాగే ఖాళీగా కూర్చుంది. "ఎలాగూ కూర్చునే ఉన్నావుగా, కాస్త పిల్లల్ని చూడు" అంటూ దొడ్లో పిల్లలందర్నీ ఆమె ముందు దింపారు. పడ్డవాణ్ణి లేపడానికి, కొట్టుకునేవాళ్ళని విడదీయడానికి ఆమె గంప దిగింది, మళ్ళీ దిగింది, దిగుతూనే ఉంది. ఇరవై ఒకటో రోజు వచ్చింది, పోయింది. తొమ్మిది గుడ్లూ మురిగిపోయాయి. వాటిని తనే ముక్కుతో దొర్లించుకుంటూ పోయి పెంటలో పారేసింది. ఆ కంపుకి మొహం తిప్పుకుని పుంజు అన్నాడు కదా, "పోనీలే, మళ్ళీ పెడతావుగా!"

ఆ "పోనీలే" ఆమె గొంతులో ఇంకా చేపముల్లులా గుచ్చుకునే ఉంది.

ఆరోజు గడ్డివాము నీడలో సభ జరిగింది. మేకపోతు గడ్డం సవరించుకుని గొంతు పెంచాడు. మేకపోతు గాంభీర్యం అని ఊరికే అనలేదు మరి.

"సోదరులారా! సెలవుల్లో పిల్లలకి పైసా ఖర్చు లేకుండా కాలక్షేపం ఎలాగో పది చిట్కాలు కనిపెట్టాను. ఒకటి, అమ్మ కథలు చెప్పాలి. రెండు, అమ్మ కొబ్బరాకు బూరలు చేసివ్వాలి. మూడు, అమ్మ దాగుడుమూతలు ఆడించాలి."

"ఎంత ఆలోచించావు బావా!" అన్నాడు దున్నపోతు, కళ్ళు తెరవకుండానే. ట్రాక్టరు వచ్చాక అతని పని పోయింది, గర్వం పోలేదు. "ఆ తర్వాత?"

"నాలుగు, అమ్మ విసుక్కోకూడదు."

"అదీ మాట!"

ఇలా తొమ్మిది దాకా అమ్మే. పదోది చెప్పేముందు మేకపోతు లేచి నిలబడ్డాడు. "అన్నిటికన్నా గొప్పది ఇది. పిల్లలు పెద్దల్ని చూసి నేర్చుకోవాలి. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు!"

"అంతా బాగుంది గానీ, అమ్మలు పనికి పోయారే?" అన్నాడు దున్నపోతు.

డేగపుంజు రెక్కలు టపటపలాడించాడు. "మా ఆవిడ లేదూ? గంపలో ఖాళీగానే కూర్చుంది. తోలెయ్యండి అక్కడికి!"

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె వేసవిని ఆమెని అడక్కుండానే పంచిపెట్టేశాడు.

చూస్తుండగానే ఆరుగురూ గంప మీద పడ్డారు. "పిన్నీ, కథ చెప్పవా?" "పిన్నీ, వీడు నా తోక కొరికాడు!" "పిన్నీ, లేచి రావా, ఆడుకుందాం!"

"రాలేనర్రా. దూరంగా ఆడుకోండి. ఒరే దూడా, అటు వద్దు, గంప... గంప!"

ఎగురుకుంటూ వచ్చిన దూడ కాలు గంపకి తగిలింది. గంప ఒక పక్కకి ఒరిగింది. ఒక గుడ్డు అంచుమీంచి జారి గుమ్మం రాయి మీద పడి చిట్లింది. చిట్లిన సందులో సన్నటి ఎర్ర నరం ఒకటి కనిపించింది. అది కొట్టుకుంటోంది. కాసేపు కొట్టుకుంది. తర్వాత ఆగిపోయింది.

గొడవ విని పుంజు వచ్చాడు. చూశాడు. "ఒక్కటేగా పోయింది? ఇంకా పదున్నాయి. కూర్చున్న చోటునుంచి కాస్త కళ్ళు తెరిచి చూసుకోవద్దూ?"

ఎగిరి వాడి జుట్టు పీకాలనిపించింది చుక్కలపెట్టకి. ఒళ్ళంతా ఈకలు నిక్కబొడుచుకున్నాయి. కానీ లేస్తే పది గుడ్లు చల్లారతాయి. ఆడదానికి కోపపడటానికి కూడా లేచే తీరిక లేదు. కడుపులోని మంటనంతా రొమ్ములోకి దించి, గుడ్లమీద ఇంకాస్త పరుచుకుని కూర్చుంది.

దూడ వెక్కుతున్నాడు. "కావాలని కాదు పిన్నీ!"

"తెలుసురా నాన్నా. తప్పు నీది కాదు. నీ కాళ్ళు ఎక్కడ పెట్టాలో నీకు చెప్పాల్సినవాడు నీడలో పడుకున్నాడు."

ఆ మాట తన నోటినుంచి వచ్చాక గడ్డివాము కేసి చూసింది. సభలో మేకపోతు అరిచిన పదో చిట్కా గుర్తొచ్చింది. అప్పుడు గొంతు తియ్యగా చేసుకుని పిలిచింది.

"మేకబావగారూ! ఇలా ఒక్కసారి వస్తారా? మీ పదో చిట్కా నాకు భలే నచ్చింది."

మేకపోతు పొంగిపోతూ వచ్చాడు. "నచ్చుతుందమ్మా. మూడు లోకాలు చూసినవాణ్ణి."

"పిల్లలు పెద్దల్ని చూసి నేర్చుకోవాలన్నారు. ఆ మాట మీద నిలబడతారా? రేపు పిల్లలు చూస్తుంటే కసురుకోరుగా?"

"నా గడ్డం మీద ఒట్టు. కసిరినవాడు పెద్దవాడే కాదు!"

"మీరు కూడానా?" అని మొగుడి వంక చూసింది.

"మా బావ మాటే నా మాట" అన్నాడు పుంజు, ఏం ఒప్పుకుంటున్నాడో తెలియకుండానే. దున్నపోతు సంగతి సరే, అతను దేనికైనా తలూపుతాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె పిల్లల్ని దగ్గరికి పిలిచింది. "కొత్త ఆటర్రా. పేరు నీడాట. మేకపిల్లలూ, మీరు మీ నాన్నకి నీడలు. దూడా, నువ్వు మీ నాన్నకి నీడ. కుక్కపిల్లలూ, మీ నాన్న ఏ ఊళ్ళో ఉన్నాడో మీ అమ్మకే తెలీదు కాబట్టి మీరు మా పుంజుకి. ఆయన ఎటు పోతే అటు, ఏం చేస్తే అది, ఏం అంటే అది. పొద్దుగూకాక ఇక్కడికొచ్చి అంతా ఆడి చూపించాలి. ఎవరి నీడ అచ్చంగా ఉంటే వాళ్ళు గెలిచినట్టు."

పిల్లలు ఈలలేసుకుంటూ పరిగెత్తారు. ఆ మర్నాడు ఒక్కడు కూడా "ఏం తోచట్లేదు" అనలేదు.

పొద్దుగూకేసరికి తల్లులు ఇంటికి చేరారు. మేక కుంటుతూ వచ్చింది. ఎవరో పెరట్లో వంగమొక్కలు కొరికేస్తే, ముందురోజు యజమాని దాన్ని కర్రతో బాదాడు. "నా పిల్లలు ఏం చేశారు వదినా ఇవాళ?" అని అడిగింది.

"వాళ్ళ నాన్న చేసినవన్నీ చేశారు. చూపించండర్రా!"

పెద్ద మేకపిల్ల గడ్డానికి కొబ్బరిపీచు అంటించుకున్నాడు. పడుకున్నాడు. నెమరేశాడు. "కదిలించకండి, ఆలోచిస్తున్నాను" అన్నాడు బొంగురు గొంతుతో. అందరూ నవ్వారు. తర్వాత వాడు లేచి, అటూ ఇటూ చూసి, కంచె సందులో దూరినట్టు వంగి, వంగమొక్కల్ని కొరికినట్టు నోరాడించాడు. మూతి తుడుచుకుని వచ్చి మళ్ళీ పడుకున్నాడు.

నవ్వు ఆగిపోయింది. మేక తన వీపు మీది వాతలు ఒకసారి చూసుకుంది. మొగుడి గడ్డం ఒకసారి చూసింది. కొమ్ములు మెల్లగా దించింది.

"అది... మొక్కల గుణం పరీక్షిస్తున్నా..." అని నీళ్ళు నమిలాడు మేకపోతు.

దూడ వచ్చి కళ్ళు మూసుకుని పడుకున్నాడు. అలాగే ఉన్నాడు.

"తర్వాత?" అంది బర్రె.

"అంతేనమ్మా. నాన్న ఇంకేం చెయ్యలేదు."

ఇక కుక్కపిల్లలు. పుంజు ముందే అరిచాడు. "వీళ్ళు నా వెనక ఎందుకు పడాలి? వీళ్ళేమన్నా నా పిల్లలా?"

"మరి ఆ ముగ్గురు మేకపిల్లలూ నా కడుపున పుట్టారటయ్యా? నిన్న తోలేటప్పుడు ఎవరి పిల్లలని అడిగావు? నోరు మూసుకుని చూడు!" గంపలోంచి వచ్చిన ఆ గొంతుకి కొట్టం చూరు అదిరింది. దొడ్లో ఎవరూ ఆ గొంతు అంతకుముందు వినలేదు.

ఒక కుక్కపిల్ల నేల కెలికింది. వానపాము దొరికినట్టు ఎగిరింది. గుమ్మం పక్కన గంప ఉన్నా అటు చూడలేదు. కంచె దాకా పోయి, ఒక కాలు రెక్కలా కిందికి జార్చి, "కొక్కొక్కొ, రండి రండి!" అని పక్కదొడ్డి పెట్టల్ని పిలిచింది. రెండో కుక్కపిల్ల పక్కదొడ్డి పెట్టలా తల ఊపుకుంటూ వచ్చి ఆ వానపాముని తినేసింది. మొదటిది తిరిగొచ్చి గంప ముందు నిట్టూర్చింది. "పొద్దంతా తిరిగానే, ఒక్క పురుగు దొరికితే ఒట్టు!"

అది పుంజు రోజూ చెప్పే మాటే. పొల్లు పోలేదు.

చుక్కలపెట్ట ఏడవలేదు. పదిహేను రోజులుగా గుప్పెడు గింజలతో గడిపిన కడుపు అది, ఏడవడానికి నీళ్ళు కూడా లేవు. మొగుడి కళ్ళలోకి సూటిగా చూసింది, అంతే. వాడు ముక్కుతో ఈకలు సర్దుకోసాగాడు, సర్దుకోవడానికేం లేకపోయినా.

ఆట ఆగలేదు. రెండో రోజు తండ్రులు నిద్రపోతే పిల్లలు పక్కనే గురక పెట్టారు. కసురుదామంటే గడ్డం మీద ఒట్టు. దాక్కుందామంటే నీడలు వదలవు. మూడో రోజు పొద్దున్నే మేకపోతు, దున్నపోతు, పుంజు ముగ్గురూ గంప ముందు నిలబడ్డారు. ముగ్గురూ ఒకేసారి కాళ్ళ మీద నిలబడగా చూడటం దొడ్డికి అదే మొదలు.

"అమ్మా, ఈ ఆట మాన్పించు తల్లీ. పరువు పోతోంది" అన్నాడు మేకపోతు. అతని డొక్కలో పెళ్ళాం కొమ్ము పొడిచిన గుర్తు కనిపిస్తోంది.

"మానేస్తే వాళ్ళకి తోచదు బావగారూ. వేరే పని చెప్పండి. కాలవ గట్టుకి తీసుకుపొండి. కథలు చెప్పండి. బూరలు చెయ్యండి. మీ చిట్కాలేగా, తొమ్మిదున్నాయి. అమ్మ అన్నచోట నాన్న అని పెట్టుకోండి, సరిపోతుంది. నాలుగోది మరిచిపోకండి, విసుక్కోకూడదు."

"మరి నేను?" అన్నాడు పుంజు నసుగుతూ.

"నువ్వు దొరికిన ప్రతి పురుగూ ఇక్కడికి తెస్తావు. కంచె దగ్గరికి పోయావో, కుక్కపిల్లలు ఉండనే ఉన్నారు."

తల్లులకి ఆ వారం కాస్త ఊపిరాడింది. ఇరవై ఒకటో రోజు తెల్లారేసరికి గంపలో పది పెంకులు పగిలాయి. పదకొండో చోటు ఖాళీ. చుక్కలపెట్ట ఆ చోటు ఒకసారి ముక్కుతో తడిమి, పది మందినీ రెక్కల కిందికి లాక్కుంది.

పుంజు మెడ నిక్కించుకుని పెంటకుప్ప ఎక్కాడు. "చూశారా నా పిల్ల..."

"పిన్నీ!" కుక్కపిల్లలు గుమ్మంలోంచి ఆశగా అడిగారు. "వీళ్ళకి కూడా నీడాట నేర్పమంటావా?"

కూత సగంలోనే తెగింది. పుంజు కుప్ప దిగి, పురుగులు వెతకబోయాడు.

కూర్చున్న ఆడదాన్ని ఖాళీగా ఉందనుకునేవాడి పరువు తియ్యడానికి వాడి నీడ ఒక్కటి చాలు.