ఎవరి కంటా పడని పుస్తె

మా గుమ్మడివలసలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే పైడయ్య ఇల్లు చూపిస్తారు. ఎవరు చూపిస్తారు? పైడయ్యే చూపిస్తాడు. తనూ, తమ్ముడు గవరయ్యా, చెల్లెలు నూకాలూ అరుగు మీద కూచుని, "పాపం, ఊరంతా మనలాగే ఉంటే ఎంత బావుణ్ణు!" అని రోజూ జాలిపడేవారు.

నూకాలుకి పెళ్ళి కుదిరింది. వాళ్ళ ఆనవాయితీ ప్రకారం పుస్తె ఆడపిల్లవారే చేయించాలి. కంసాలి దాన్ని పైడయ్య చేతిలో పెట్టి, "దొంగల భయంగా ఉంది. మూడు ముళ్ళూ పడేదాకా ఎవరి కంటా పడనీకు నాయనా. ముహూర్తానికి ఇది లేకపోతే పెళ్ళివారు లేచిపోతారు" అన్నాడు.

అంతే! పైడయ్య ఇంటికొచ్చి తలుపేసి, "ఎవరి కంటా అంటే నా కంటా కూడా కదేటే?" అన్నాడు.

"మరి? నీకు మాత్రం కళ్ళు లేవేటన్నా?" అంది నూకాలు.

ముగ్గురూ కళ్ళకి గంతలు కట్టుకున్నారు. పైడయ్య తడుముకుంటూ వెళ్ళి, దాన్ని ఎక్కడో పెట్టి వచ్చాడు. గంతలు విప్పేసరికి కిటికీలోంచి ఆవు తొంగి చూస్తోంది.

"ఓలమ్మో, ఇది సూసేసినాది!" అంటూ గవరయ్య దాని కళ్ళకీ తువ్వాలు కట్టాడు. ఇంకేముంది! ఆవు బెదిరి, పెళ్ళిపందిట్లో దూరి, రెండు రాటలు పడగొట్టి, ఆరబెట్టిన అప్పడాల మీద పడుకుంది. "పోతే పోనాయిలే, పుస్తె భద్రం" అని ముగ్గురూ మురిసిపోయారు.

పెళ్ళినాడు పంతులుగారు పుస్తె తెమ్మన్నారు.

"ఎక్కడెట్టినావన్నా?" అన్నాడు గవరయ్య.

"నాకేటి తెలుసు? నాకు తెలిస్తే అది దాసినట్టేటి?" అన్నాడు పైడయ్య గర్వంగా.

పీటల మీద నూకాలుకి ఏడుపు ముంచుకొచ్చింది. పెళ్ళికొడుకు సన్నాసినాయుడంటే దానికి బాగా ఇష్టం. ఆ అబ్బాయి తండ్రేమో, "ఇంకో పావుగంట చూసి లేచిపోతాం" అని కండువా దులిపాడు.

వెతుకుదామంటే కళ్ళు తెరిచి వెతకకూడదాయె! మళ్ళీ గంతలు. గవరయ్య పెరుగు కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. పైడయ్య వియ్యపురాలి కొప్పంతా వెతికాడు. చివరికి ఉప్పుజాడీలో అతని చేతికే దొరికింది. హమ్మయ్య అనుకున్నాం అందరం.

"ఆగండి! మూడు ముళ్ళూ పడేదాకా ఎవులూ సూడకూడదు. కళ్ళు మూసుకోండి!" అని పైడయ్య గుప్పిట బిగించి అరిచాడు.

ముహూర్తం దాటిపోతోంది. "మూసుకోండర్రా!" అని వియ్యంకుడే కసిరాడు. పందిరంతా కళ్ళు మూసుకుంది, పంతులుగారితో సహా. సిగ్గులేకుండా నేనూ మూసుకున్నాను. మేళం మోగింది. పుస్తె అందించడానికి పైడయ్య ముందుకి వంగాడు. పెళ్ళికొడుకు దాన్ని అందుకుని, తడుముకుని, చేతికి దొరికిన మెడకి మూడు ముళ్ళూ గట్టిగా వేశాడు.

కళ్ళు తెరిచి చూస్తే పుస్తె పైడయ్య మెడలో ఉంది!

"విప్పి అమ్మాయికి కట్టించండి" అన్నారు పంతులుగారు.

"పడిన ముడి విప్పకూడదని ఆమాత్రం తెలీదేటి పంతులుగారూ?" అని పైడయ్య కళ్ళు తుడుచుకుని, పెళ్ళివారి బండెక్కి కూచున్నాడు. "అన్నని ఒక్కణ్ణీ ఎలా పంపుతాం?" అని నూకాలు తోడుపెళ్ళికూతురిగా పక్కనే ఎక్కింది. పెళ్ళికొడుకు ఎవరి పక్కన కూచోవాలో తేలక బండి వెనకాల నడిచాడు.

గవరయ్య వెక్కి వెక్కి ఏడుస్తూ పొలిమేర దాకా పరిగెత్తాడు. "అన్నా, అత్తోరింట్లో జాగ్రత్త! మన తెలివి మాత్రం ఎవరి కంటా పడనీకు!"