నూరో నంబరు పెట్రోలు

పెట్రోలులో ఇన్ని రకాలుంటాయని పీరాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినవాళ్లేమో తలకొక మాట చెప్పారు.

మరునాడు సాయంత్రం గుట్ట మీది దర్గాలో గంధం పండుగ. గంధపు గిన్నె మోసే గుర్రం ఊరేగింపుగా పైకి రావాలి. పైకి ఉన్నది ఒక్కటే దారి. గాలివానకు ఆ దారికి అడ్డంగా పెద్ద చింతచెట్టు కూలింది. "దారి సంగతి నువ్వు చూసుకో, పీరా" అన్నారు గురువు నూరుల్లా షా. ఇన్నేళ్ల సేవలో ఆయన పూర్తిగా తన చేతికి అప్పగించిన మొదటి పని అది.

గుట్ట కింది ఊళ్లో ఓబులేసుకు చెట్లు కోసే రంపం మిషనుంది. పిలవగానే వస్తానన్నాడు. అంతటితో ఊరుకుంటే పీరా ఎందుకవుతాడు? దర్గాలోని మహాత్ముడు ఔలియా దారిని మామూలు పెట్రోలుతో కోయిస్తే ఏం మర్యాదని, క్యాను పట్టుకుని పట్నం వెళ్లాడు.

అక్కడ మొదలైంది అయోమయం. బంకులో మామూలుది కాక ఒకటి తొంభై అయిదు, ఇంకొకటి నూరు. ఆక్టేన్ నంబరట. మెకానిక్కు తొంభై అయిదే మేలన్నాడు, టీకొట్టు ఆసామి అన్నీ ఒకటే పొమ్మన్నాడు. బంకు మనిషి ఓపిగ్గా విడమరిచి చెప్పాడు గానీ, అది విన్నాక ఉన్న మతి కూడా పోయింది. చివరికి పెద్ద నంబరే గొప్పదై ఉంటుందని నూరుదే నింపించుకొచ్చాడు.

చెట్టు దగ్గర కూలీలతో ఉన్న ఓబులేసు తన పెట్రోలు సీసా తీశాడు.

"మామూలుదే చాలన్నా. ఈ మిషనుకు ఆయిలు కలిపే పోయాల, కలిపి తెచ్చినా" అన్నాడు.

పీరాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరందరికీ తెలుసు, పీరాకు తప్ప.

"దర్గా పనికి కల్తీది పోస్తావా? మనిషివే కల్తీ మనిషివి!" అని కూలీలందరి ముందూ అరిచేశాడు.

ఓబులేసు మారు మాట్లాడలేదు. మిషను భుజానేసుకుని గుట్ట దిగిపోయాడు. అతని వెనకే కూలీలూ వెళ్లిపోయారు. చెట్టు మాత్రం దారికడ్డంగా అట్లాగే ఉంది.

నూరుల్లా షా దర్గా గుమ్మంలో కూర్చుని సాంబ్రాణి దంచుతున్నారు. పీరా గడప అవతల చెప్పులు చెరొక పక్కకు విదిలించి, క్యాను పట్టుకునే వచ్చి, జరిగిందంతా చెప్పుకున్నాడు.

"మంచిదే తెచ్చినా కదా, హజ్రత్! నేను చేసిన తప్పేంది?"

"ఆ నంబరు అంటే ఏంది?" అని అడిగారాయన.

"బంకాయన చెప్పినాడు, హజ్రత్. ఇంజనులో పెట్రోలును గట్టిగా అదుముతారంట. ఎంత అదిమినా, నిప్పురవ్వ పడేదాకా మండకుండా ఓర్చుకునేదానికి నంబరు ఎక్కువంట. తొందరపడి భగ్గుమనేదానికి తక్కువంట. ఇట్లాంటి చిన్న మిషన్లు అంతగా అదమవు, మామూలుదే చాలు, ఎక్కువది పోస్తే బలమేమీ రాదు అన్నాడు." పీరా తల గోక్కున్నాడు. "మండకుండా ఉండేదానికి ఎక్కువ మార్కులు ఏంది, హజ్రత్? నాకు తలాతోకా తెలియలా."

ఆయన రోకలి పక్కన పెట్టారు.

"ఓబులేసు నిన్నేమన్నాడు?"

"'మామూలుదే చాలన్నా' అన్నాడు."

"నువ్వు తిట్టినాక?"

పీరా ఎంత వెతుక్కున్నా ఒక్క మాటా దొరకలేదు.

"ఏమీ అనలేదు, హజ్రత్."

నూరుల్లా షా మెల్లగా లేచి గడప దాటారు. వంగి, పీరా చెప్పుల్లో ఒకదాన్ని తీశారు. రెండోది పొదలో పడి ఉంటే దాన్నీ వెతికి తెచ్చారు. దుమ్ము తుడిచి, రెండింటినీ పక్కపక్కన, ముందు భాగం ఊరి వైపు ఉండేలా పెట్టారు.

"అయ్యో హజ్రత్! నా చెప్పులు మీరు ముట్టుకోవడమేంది?" పీరా కంగారుగా పరుగెత్తుకొచ్చాడు.

ఆయన నిలబడి అతని ముఖంలోకి చూశారు.

"మరి నీది ఎంత నంబరు, పీరా?"

పీరా కిందికి చూశాడు. గుట్ట కింద ఓబులేసు ఇల్లు కనబడుతోంది. సిగ్గుతో పీరా చెవులు వేడెక్కాయి.

క్యాను అక్కడే వదిలేసి చెప్పులు తొడుక్కున్నాడు.