ఇద్దరు విప్పాల్సిన పడుగు

సముద్రం పక్కనున్న ఉప్పాడలో వరహాలు అనే నేతగత్తె ఉండేది. ఆమె చేతికి ఎంత మంచి పేరుందో, ఏ వరుసలోనూ తన వంతు వచ్చేదాకా ఆగలేని ఆమె కాలికి అంత చెడ్డపేరు ఉండేది.

వరహాలు ఎవరినీ తోసేది కాదు, ఎవరితోనూ పోట్లాడేది కాదు. ఆమెకు ఒక ఉపాయం ఉండేది. రేషను కొట్టు ముందు ముప్పైమంది నిలబడి ఉంటే, "ఒక్క మాట అడిగి వచ్చేత్తానమ్మా" అని నవ్వుకుంటూ ముందుకు వెళ్ళేది. మాట అడిగేది. అడిగాక సరుకులు కూడా తీసుకుని ఇంటికి పోయేది. ఆస్పత్రిలో చీటీల దగ్గర అదే మాట, బస్సు దగ్గర అదే మాట, ఆఖరికి సంతర్పణలో విస్తరి దగ్గర కూడా అదే మాట. వెనకాలవాళ్ళు గొణిగితే, "నా పని అయిపోతే మీకే ఒక మనిషి తగ్గుతుంది కదా!" అని ఎదురు చెప్పేది. మీలోనూ ఇలాంటివాళ్ళు ఉన్నారని నాకు తెలుసు, పేర్లు చెప్పను.

మగ్గం మీద కూర్చుంటే మాత్రం ఆమె వేరే మనిషి. ఉప్పాడ జాందానీ చీర ఒక్కరు నేసేది కాదు. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. చీర వెడల్పులో సగం ఒకరు నేస్తే, మిగతా సగం రెండోవారు నేస్తారు. ఒకరు ఒక్క పోగు ముందుకు పోయినా పువ్వు చెడిపోతుంది. వరహాలు పక్కన పద్దెనిమిదేళ్ళుగా కూర్చునే మనిషి నూకరత్నం. వరసకు వదిన అవుతుంది. నెమ్మదస్తురాలు. పది మాటలు అనాల్సిన చోట రెండు అని ఊరుకునేది. మగ్గం మీద ఆ వదిన చేతిని వరహాలు చెయ్యి ఏనాడూ దాటలేదు.

ఒక ఏడాది ఆ ఇద్దరికీ మెక్సికో దేశం నుంచి పిలుపు వచ్చింది. అక్కడ పెద్ద చేనేత ప్రదర్శన, దానితోపాటు పోటీ. "మగ్గం మేము సిద్ధం చేస్తాం. మీ పడుగు మీరు తెచ్చుకోండి. జనం చూస్తుండగా చీర పూర్తి చేయండి" అని రాశారు. పడుగు అంటే మగ్గానికి నిలువుగా సాగే దారాలు. ఇద్దరూ మూడు నెలలు కష్టపడి వెండి జరీ బొమ్మలు దట్టంగా ఉన్న సగం చీర నేశారు; మిగతా సగంలో బొమ్మలు తక్కువ, కొద్ది రోజుల పనే. నేసిన సగాన్నీ, నేయవలసిన పడుగునూ కలిపి ఒక నిలువెడు కర్రకు చుట్టారు. పైన తెల్లగుడ్డ కట్టారు. సామాన్లలో వేస్తే ఎవరు ఎలా విసురుతారో అని భయపడి, చేత్తోనే పట్టుకుని విమానం ఎక్కడానికి ముందే అనుమతి తెప్పించుకున్నారు. ఉప్పాడ నేత ఆ దేశంలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. వీధి వీధంతా వచ్చి వాళ్ళను కారెక్కించింది.

వాళ్ళు హైదరాబాదు విమానాశ్రయం చేరేసరికి ఉదయం పదకొండు అయింది. విమానం రెండు గంటలకు. అది తప్పితే మళ్ళీ చోటు దొరికేది మూడు రోజుల తర్వాతే. అప్పటికి పోటీ మొదలైపోతుంది, చీర గడువులోగా పూర్తి కాదు.

పంద్రాగస్టుకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఆ వారం తనిఖీలు మామూలుకంటే గట్టిగా ఉన్నాయి. ప్రతి సంచీ తెరుస్తున్నారు, ప్రతి చెప్పూ విప్పిస్తున్నారు. వరుస అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ ఏడు మెలికలు తిరిగింది. దాన్ని చూడగానే వరహాలు కాళ్ళు నిలవలేదు.

"వదినా, ఇలా నిలబడితే మనం ఎక్కినట్టే! నా ఎనకాలే వచ్చెయ్."

"వద్దే వరాలూ. చేతిలో పడుగుంది. ఈళ్ళందరి మధ్యలోంచి దూరితే ఎక్కడో తగులుకుంటుంది. వంతు వచ్చినప్పుడే ఎల్దాం."

"నీతో ఇదే గొడవ! సరే, నేను ముందెళ్ళి కూచుంటాను. నువ్వు మెల్లగా రా."

వరుసకు అడ్డంగా కట్టిన పట్టీ కిందనుంచి వంగి వరహాలు ముందుకు వెళ్ళింది. "ఒక్క మాట అడిగి వచ్చేత్తానండి" అంటూ ఒక మెలిక దాటింది, రెండో మెలిక దాటింది. నాలుగో మెలికలో కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన అడ్డు తగిలాడు. ఆయన పేరు రాజమల్లు, బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు.

"ఏందమ్మా, ఏం అడుగుతవ్? నన్నడుగు, నేను జెప్త" అన్నాడు.

"మీకు తెలీదండి, ఆఫీసరునే అడగాలి" అని వరహాలు ఆయన పక్కనుంచి జారిపోయింది.

పావుగంటలో ఆమె తనిఖీ అయిపోయింది. అటువైపు వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. అన్ని తలల మధ్య వదిన తల కనబడనే లేదు. వరహాలు నవ్వుకుంటూ విమానం ఎక్కే గేటు దాకా నడిచి, తలుపుకు ఎదురుగా మొదటి కుర్చీలో కూర్చుంది. కాఫీ తాగింది. చల్లగా ఉంటే పమిట కప్పుకుని ఒక కునుకు తీసింది. ఎక్కవచ్చని పిలిచేసరికి అందరికంటే ముందు ఆమే నిలబడి ఉంది.

గేటు దగ్గరి అమ్మాయి టికెట్టు చూసి తలెత్తింది. "మీతో ఇంకొకరు ఉండాలి కదండీ, నూకరత్నం గారు?"

"వస్తుందమ్మా, ఎనకాల ఉంది."

ఆ అమ్మాయి చేతిలోని ఫోనులో ఎవరితోనో మాట్లాడింది. ఆమె ముఖం మారింది. "ఆవిడ్ని తనిఖీ దగ్గర ఆపేశారండీ. ఆవిడ దగ్గరున్న చుట్టలో జరీ దట్టంగా ఉండి, యంత్రంలో లోపల ఏముందో కనబడటం లేదట. విప్పి చూపించమంటున్నారు. ఒక్కదాన్నే విప్పలేను, ఇద్దరు కావాలి అని ఆవిడ కూర్చుండిపోయారట."

ఆ పడుగులో వేల పోగులున్నాయి. రెండు కొసలూ ఇద్దరు బిగువుగా పట్టుకుంటేనే అది విప్పినా, చుట్టినా బాగుంటుంది. ఒక్కరు విప్పితే చిక్కుపడి, ఇక ఎవరి చేతికీ పనికిరాదు. విప్పకపోతే వాళ్ళు వదిలిపెట్టరు.

"విమానం ఆపుతారా అమ్మా?"

"ఆగదండీ. ఒకటీ నలభైకి తలుపు మూసేస్తాం. ఇంకా నలభై నిమిషాలుంది. కావాలంటే మీరు ఎక్కి కూర్చోండి. ఆవిడ రాలేకపోతే మీరొక్కరే వెళ్ళవచ్చు."

వరహాలు తలుపు వైపు చూసింది. జన్మలో మొదటిసారి ఆమెకు అందరికంటే ముందుండటం సిగ్గుగా అనిపించింది. "అక్కడికెళ్ళి ఒక్క చేత్తో ఏం నేస్తానమ్మా?" అంది. గబుక్కున వెనక్కి తిరిగింది.

జనమంతా గేట్ల వైపు వస్తుంటే ఆమె ఒక్కతే ఎదురు నడిచింది. తనిఖీ చోటుకు చేరేసరికి పన్నెండు నిమిషాలు పోయాయి. అద్దం అవతల బల్ల మీద నూకరత్నం కూర్చుని ఉంది. చుట్ట ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించి ఉంది. వరహాలు అటు పరుగెత్తబోతే భద్రతా సిబ్బందిలో ఒకతను ఆపాడు.

"ఆగిన సామాన్ల తాలూకు మనుషులు ఆ వరుసలో రావాలి."

అక్కడ ఐదుగురు ఉన్నారు. "ఒక్క మాట అడిగి..." అని వరహాలు నోరు తెరిచింది. మాట పూర్తి చేయలేకపోయింది. నోరు మూసుకుని వరుస చివర నిలబడింది.

ఆమె ముందున్న మనిషి వెనక్కి తిరిగాడు. రాజమల్లు! ఆయన సంచిలో ఇనప అట్లకాడ దొరికింది, దానికి జవాబు చెప్పుకోవడానికి నిలబడ్డాడు.

"ఏమమ్మా, మాట అడిగి వస్తనన్నవ్. అడిగినవా? ఆఫీసరు ఏమన్నడు?" అన్నాడు.

వరుసలో ఒకరిద్దరు నవ్వారు. వరహాలు తల దించుకుంది. "అడగలేదండి. అబద్ధమాడాను. మా వదిన్ని వదిలేసి ముందుకు పోయాను. ఇప్పుడు ఆవిడ అక్కడ ఇరుక్కుంది. తప్పైపోయింది" అంది.

పెద్దాయన కాస్త పక్కకు జరిగాడు. "మరి నా ముందుకు పోతవా?" అని అడిగాడు.

"వద్దండి. నా వంతు వచ్చినప్పుడే ఎల్తాను."

గోడ మీది గడియారం చూడకుండా ఆమె పళ్ళు బిగించి నిలబడింది. నిలబడటం ఇంత కష్టమని ఆమెకు అంతవరకూ తెలియదు, ఎప్పుడైనా నిలబడితే కదా! ఒకరి తర్వాత ఒకరు కదిలారు. రాజమల్లు అట్లకాడను అక్కడే వదిలేసి, "తొందరగ కానియ్యిండ్రి సార్, నా ఎనక ఆడమనిషికి తొందరున్నది" అని తన పని చిటికెలో ముగించుకున్నాడు. ఆ తర్వాత వరహాలు వంతు వచ్చింది. అప్పటికి ఒంటిగంటా పదిహేడు.

నూకరత్నం ఆమెను చూసింది. తిట్టలేదు, ఎక్కడికి పోయావని అడగలేదు. "వచ్చావా. పట్టు" అంది.

తనిఖీ అధికారిణి గోడ పక్కన ఖాళీ చూపించింది. అది చాలదు. అప్పుడు రాజమల్లు బడిలో పిల్లలకు చెప్పినట్టు గొంతు పెంచి, "అందరు జర గోడకు జరుగుండ్రి! ఆడబిడ్డలకు తొవ్వ ఇయ్యిండ్రి!" అన్నాడు. జనం జరిగారు. దారి నిడివిగా ఖాళీ అయింది.

నూకరత్నం పడుగు కొసను నడుముకు ఆనించి బిగించి నిలబడింది. వరహాలు కర్రను రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ తిప్పసాగింది.

"నిదానం, వరాలూ."

"నిదానమే, వదినా."

ఒక చుట్టు విప్పింది, ఒక అడుగు వేసింది. ఇంకో చుట్టు, ఇంకో అడుగు. తొందరపడి ఒక్కసారి గుంజితే మూడు నెలల కష్టం పోతుందని ఆమెకు తెలుసు. వేల పోగులు పందిరిలా పరుచుకున్నాయి. వాటి కొసన, నేసిన సగం చీర మీద, వెండి జరీ కొంగలు బారులు తీరి కనబడ్డాయి. చూస్తున్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఒక చంటిపిల్ల తండ్రి భుజం మీదనుంచి వంగి, "కొంగలు! కొంగలు!" అని అరిచింది.

అధికారిణి పడుగు వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. చేతొడుగు తీసేసి, వట్టి చేత్తో పోగుల కింద తడిమి చూసింది. దారాలు తప్ప ఏమీ లేవు. ఆమె ముఖంలో గట్టిదనం కరిగింది.

"ఇదంతా మీరిద్దరే నేశారా?"

"ఆయ్, ఇద్దరమే. పోటీకి" అంది నూకరత్నం.

"వెళ్ళండి అమ్మా. గెలిచి రండి."

ఇక చుట్టాలి. అప్పటికి ఒంటిగంటా ఇరవైనాలుగు. ఈసారి నూకరత్నం బిగువు వదలకుండా అడుగు అడుగు ముందుకు వచ్చింది, వరహాలు నిలబడి చుట్టింది. ఇద్దరి ఊపిరీ ఒకే లెక్కన ఆడింది. ఒక్క పోగు తెగలేదు, ఒక్క చిక్కు పడలేదు. ఐదు నిమిషాల్లో చుట్ట మళ్ళీ చుట్ట అయింది. తెల్లగుడ్డ ముడి పడగానే జనమంతా చప్పట్లు కొట్టారు. రాజమల్లు అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఇద్దరూ చుట్టకు చెరో కొసా పట్టుకుని నడిచారు. వరహాలు ముందుకు పరుగెత్తలేదు, నూకరత్నం వెనకపడలేదు. దారిలో, నడవలేనివాళ్ళను గేట్లకు చేర్చే బండి నడిపేవాడు చూసి ఎక్కించుకున్నాడు. గేటు దగ్గర ఇంకో తనిఖీ ఉంది. అక్కడ కూడా నిలబడ్డారు. సంచులు చూపించారు, చేతులు చాచారు. గేటు అమ్మాయి గడియారం చూసి, వాళ్ళను చూసి, చిన్నపిల్లలా గంతేసింది.

"ఒకటీ ముప్పై ఎనిమిది! రండి, రండి!"

ఆ విమానంలోకి అందరికంటే చివర అడుగు పెట్టింది వరహాలు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎక్కడా చివర లేదు. అయినా ఆమె ముఖం చూసినవాళ్ళెవరూ ఆమె చివర వచ్చిందని అనుకోరు. తల ఎత్తి, గుండె నిండా గాలి పీల్చుకుని, రాజ్యం గెలిచిన రాణిలా నడిచింది. వాళ్ళ వెనకాల తలుపు మూసుకుంది. కుర్చీలో కూర్చున్నాక ఆమె నూకరత్నం చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఇంకెప్పుడూ నిన్ను వదిలి ముందుకు పోను."

"పోయినా తిరిగొచ్చావు. అది చాల్లే" అంది నూకరత్నం. తనిఖీ దాటాక ఆమె అన్న అతి పొడుగు మాట అదే.

మెక్సికోలో వాళ్ళు ఆరు రోజులు నేశారు. ఆఖరి రోజు చీర మగ్గం మీదనుంచి దించుతుంటే ఆ పెద్ద హాలులో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. మొదటి బహుమతి ఉప్పాడకు వచ్చింది. అందరూ ఆ బహుమతి గురించే చెప్పుకుంటారు. నన్నడిగితే, వరహాలు గేటు ముందునుంచి వెనక్కి తిరిగిన క్షణమే అసలు గెలుపు.

నీతి: అందరికంటే ముందు చేరడం గెలుపు కాదు, మనతో రావలసినవాళ్ళను వెంటబెట్టుకుని, మన వంతులో మనం చేరడమే గెలుపు.