వెనక మోసేవాడు

"రెక్క బాగుందా, జోగన్నా?" అని నీలవేణి అడిగినప్పుడల్లా "బాగుందమ్మా" అనేవాడు జోగారావు. ఆ మాట అన్న రోజున అతనికి అన్నం సయించేది కాదు.

జోగారావు విమానాలు చేసే ఇంజనీరు. అవి మనుషులు ఊళ్ళు తిరిగే విమానాలు కావు, యుద్ధ విమానాలు. అలాంటిదొకటి కొత్తగా పుట్టించడం ఒక్క దేశం తలకెత్తుకునే పని కాదని రెండు దేశాలు చేతులు కలిపాయి. రెక్కలు ఇక్కడివాళ్ళవి. ఇంజను సముద్రం అవతలివాళ్ళది. ఎక్కడో పుట్టిన ఇంజనూ, ఇంకెక్కడో పుట్టిన రెక్కా ఒకచోట చేరి, ఒకే పక్షి అయి లేవాలి. తలుచుకుంటే ఎంత వింతో!

నీలవేణి దాన్ని మొదటిసారి ఆకాశంలోకి తీసుకెళ్ళవలసిన పైలట్. రోజూ పొద్దున్నే షెడ్డులోకి వచ్చేది. గేదె వీపు నిమిరినట్టు రెక్క నిమిరేది. ఆ ఒక్క ప్రశ్నా అడిగి వెళ్ళిపోయేది.

రెక్క బాగాలేదు.

రెక్కని విమానం ఒంటికి కలిపేచోట ఒక లోహపు ముక్క ఉంటుంది. దానితోపాటే చేసిన జోడు ముక్కని బల్లకి బిగించి, బరువులు వేసి, వంచి పరీక్ష చేస్తుంటే, దాని మీద తలవెంట్రుకంత పగులు కనిపించింది. జోగారావు చూశాడు. అతని కింద పనిచేసేవాళ్ళూ ఒకరిద్దరు చూశారు.

"లోపం ఈ ముక్కలోదే అయ్యుంటుంది. విమానానికి వేసింది బాగానే ఉంటుంది" అన్నాడు వాళ్ళతో. తనతో తనూ అదే అనుకున్నాడు. అవతలి దేశం వాళ్ళతో మాత్రం ఏమీ అనలేదు. ఎవరి భాగం వాళ్ళు చెయ్యలేకపోతే ఆ పని రెండోవాళ్ళకి పోతుందని ఒప్పందం. రెక్కల పని పోతే దాని మీద బతికే ఇళ్ళన్నీ ఏమవుతాయి? అయినా అవతలివాళ్ళు మాత్రం ఏం తక్కువ? ఇంజను గదికి తాళం వేసుకుని కూర్చున్నారు. ఇక్కడివాళ్ళని గడప తొక్కనివ్వరు.

అలా ఒక దిగులుకి ఇంకో కోపం అడ్డం పెట్టుకుని రోజులు నెట్టుకొచ్చాడు. మొదటిసారి ఎగిరే రోజు దగ్గరపడింది. ఇక ఉండబట్టక, ఆదివారం నాడు గురువుగారి దగ్గరికి బయల్దేరాడు.

గురువుగారి పేరు పోతయ్య. మన్యంలో ఒక కొండ మీద గుడిసె వేసుకుని ఉంటాడు కాబట్టి జనం కొండసామి అంటారు. జోగారావు తల్లి పోయి, చదువు మానేసి తిరుగుతున్న రోజుల్లో ఆయనే పక్కన కూర్చోబెట్టుకుని గంజి పోసి, మళ్ళీ చదువుకి పంపాడు. అప్పటినుంచీ మనసు బాగాలేనప్పుడల్లా ఆ కొండ ఎక్కడం అతనికి అలవాటు.

అవతలి దేశం నుంచి వచ్చిన ఇంజను మనిషి ఆంటోన్, "కొండలు చూడాలని ఉంది, నేనూ వస్తాను" అన్నాడు. కాదనలేకపోయాడు జోగారావు.

కొండకింద కారు ఆపి నడక మొదలుపెట్టారు. ఆంటోన్ ఆయాసపడుతుంటే జోగారావు వెనక్కి తిరిగి నవ్వాడు.

"మీరు కార్లకి అలవాటుపడ్డవాళ్ళు. మేం ఈ కొండల్లోనే పుట్టాం. మా కాళ్ళకి ఇదొక లెక్కా!"

ఆంటోన్ నవ్వుతూ వెనకాలే ఎక్కాడు.

గురువుగారు గుడిసె ముందు మోకాలికి ఆముదం రాసుకుంటున్నాడు. మోకాలు తాటిపండులా వాచింది. ఇద్దరినీ చూసి నవ్వాడు. కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు. ఆంటోన్ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఏదో చదువుతున్నట్టు కాసేపు చూశాడు.

"ఈ బాబు ఏటి చేత్తాడు?"

"మేమిద్దరం కలిసి ఒక విమానం చేస్తున్నామండీ. ఇంజను వాళ్ళది. రెక్కలు మావి."

"ఆ విమానం దేనికి?"

జోగారావు కొంచెం తడుముకున్నాడు. "యుద్ధానికండీ. యుద్ధం రాకుండా ఉండడానికే అంటారు."

"అంతారా" అన్నాడు గురువుగారు. సీసాలోంచి ఇంకాస్త ఆముదం వంచి మోకాలికి రాసుకున్నాడు. తర్వాత అడిగాడు. "అందులో కూకునేది ఎవరు?"

"ఒక్కరే పడతారండీ. పైలటు."

"ఆ ఒక్కరికీ ఓ పేరుంటాది గదా" అన్నాడు ఆయన.

జోగారావు తన బాధ వెళ్ళబోసుకున్నాడు. తెలుగులో చెప్పాడు, పక్కవాడికి అర్థం కాకుండా. "కలిసి పని చేద్దామంటారు గురువుగారూ, వాళ్ళ తాళాలు వాళ్ళవే. మన మీద నమ్మకం లేదు. ఏదీ చెప్పరు. చెప్పనివాళ్ళతో కలిసి పని చెయ్యడం ఎలాగండీ?"

పగులు సంగతి చెప్పలేదు. నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు.

గురువుగారు సీసా మూత బిగించి పక్కన పెట్టాడు.

"కింద ఊళ్ళో గౌరమ్మ మంచం మీదుంది. ఇంక ఎన్నాళ్ళో ఉండదు. ఓపాలి వచ్చి పొమ్మని కబురెట్టింది. ఈ మోకాలితో దిగలేను. మోసేవోళ్ళందరూ సంతకి పోయారు." గుడిసె చూరుకి ఆనించి ఉన్న డోలీ కేసి చూశాడు. "మీరిద్దరున్నారు గదా."

డోలీ అంటే పెద్ద సామాను కాదు. పొడుగాటి వెదురు బొంగు, దానికి రెండు కొసల దగ్గరా ముడివేసిన గట్టి దుప్పటి. మధ్యలో మనిషి పడుకుంటే, ముందొకడూ వెనకొకడూ భుజాన ఎత్తుకుని నడుస్తారు. ఆ కొండల్లో కాన్పు కష్టమైనా, జ్వరం ముదిరినా రోడ్డు దాకా అదే దారి.

జోగారావు తుండుగుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు. "నేను ముందుంటాను. దారి నాకు తెలుసు."

గురువుగారు ఆంటోన్‌ని దగ్గరికి పిలిచి, కిందనున్న రాయి తట్టి "రాయి" అన్నాడు. పల్లంలో కర్ర పెట్టి "గుంట" అన్నాడు. అరచెయ్యి ఎత్తి "ఆగు" అన్నాడు.

"రాయీ. గుంటా. ఆగూ" అన్నాడు ఆంటోన్.

"ఇంక తెలుగు పూర్తిగా వచ్చేసింది నీకు. పెళ్ళిసంబంధాలు చూసేద్దాం" అన్నాడు జోగారావు ఇంగ్లీషులో. ఇద్దరూ నవ్వుకున్నారు. గురువుగారు దుప్పట్లో ఒదిగి పడుకున్నాడు. ఎండిన కట్టెలాంటి ఒళ్ళు, బరువేమీ ఉండదనుకున్నారు. లేపాక తెలిసింది, మనిషి బరువు మనిషి బరువేనని.

దిగడం మొదలైంది. "రాయి" అనేవాడు జోగారావు. వెనక అడుగు ఎత్తుగా పడేది. "గుంట" అనేవాడు. వెనక అడుగు మెల్లగా పడేది. కాసేపటికి చిన్న చిన్నవాటికి చెప్పడం మానేశాడు. ఆ మాత్రం చూసుకోలేడా అనుకున్నాడు.

పాచి పట్టిన బండ ఒకటి వచ్చింది. దాని మీద కాలు వేశాడు. చీలమండ పక్కకి తిరిగింది. లోపల కలుక్కుమంది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళు బిగించాడు. పొద్దున తను అన్న మాట గుర్తొచ్చింది. మా కాళ్ళకి ఇదొక లెక్కా అన్న కాలే ఇది. ఇప్పుడు వెనక్కి తిరిగి ఏ మొహంతో చెప్తాడు? బరువంతా రెండో కాలి మీదకి తోసి నడవసాగాడు. డోలీ ఒక పక్కకి లాగుతూ, ఊగుతూ దిగుతోంది. దుప్పట్లోంచి మాటా పలుకూ లేదు.

ముందు నీళ్ళ చప్పుడు వినిపించింది. దారికి అడ్డంగా కొండవాగు. నున్నటి బండ మీదుగా నీళ్ళు జారుతున్నాయి. ఎడంపక్క లోయ. ఆ బండ మీద నాలుగడుగులు వేస్తే అవతల మెత్తటి దారి.

ఆ నాలుగడుగులూ తన కాలు మొయ్యదని జోగారావుకి తెలుసు.

మొయ్యొచ్చేమో అనీ అనుకున్నాడు. ఇంతదాకా మోసింది కదా. ఏమీ కాకపోవచ్చు. కాలు ముందుకి చాచాడు.

దుప్పట్లోంచి గురువుగారి గొంతు వినిపించింది. నిద్రలో పలకరించినట్టు, మెల్లగా.

"జోగీ. నీ కాలి సంగతి ఎనకాయనకి తెలుసా?"

చాచిన కాలు అలాగే గాలిలో ఉండిపోయింది.

"ఆగు" అన్నాడు జోగారావు.

ఆంటోన్ ఆగిపోయాడు. ఇద్దరూ వంగి డోలీని నేలకి దించారు. జోగారావు కింద కూలబడి ప్యాంటు కొస పైకి లాగాడు. చీలమండ నల్లగా కమిలి, కొబ్బరిబోండంలా ఉబ్బింది.

"ఎప్పుడైంది?" అన్నాడు ఆంటోన్.

"పైన. పాచిబండ దగ్గర."

ఆంటోన్ చొక్కా గుండీలు విప్పి భుజం చూపించాడు. కుడిభుజం మీద పాత కోత గుర్తు. ఎడంభుజం మీద చర్మం దోక్కుపోయి రక్తం ఊరుతోంది.

"కుడిది ఒకసారి విరిగింది. బరువు పెట్టకూడదు. అందుకని అంతా ఎడమదాని మీదే మోస్తున్నాను."

"ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వు రాలేదు.

"మీకెలా తెలిసిందండీ?" అన్నాడు జోగారావు గురువుగారితో.

ఆయన దుప్పట్లోనే పడుకుని పైకి చూస్తున్నాడు. "లోపలున్నోడికి దారి అవుపడదు నాయినా. ఆకాశమొక్కటే అవుపడతాది. మోసేవోళ్ళ అడుగులు మాత్రం ఒంటికి తెలుత్తాయి."

తన తలగుడ్డ విప్పి ఇచ్చాడు. దాన్ని చించి ఒక ముక్క చీలమండకి కట్టుకున్నారు, ఒక ముక్క భుజానికి మెత్త వేసుకున్నారు. ఈసారి ఆంటోన్ ముందుకి వచ్చాడు. జోగారావు గురువుగారి చేతికర్ర పట్టుకుని వెనకాల నిలబడ్డాడు.

వెనక నిలబడ్డాక చూస్తే ముందు దుప్పటి తప్ప ఏమీ లేదు. కాలు ఎక్కడ వెయ్యాలో తెలియదు. బండ ఎక్కడ మొదలైందో, లోయ ఎంత దగ్గరో తెలియదు. ముందున్నవాడి గొంతు ఒక్కటే ఆధారం.

"రాయీ" అన్నాడు ఆంటోన్. కర్ర తడిమి చూసుకుని కాలు ఎత్తాడు జోగారావు. రాయి ఉంది.

"గుంటా." గుంట ఉంది.

గులకరాయంత దానికి కూడా చెప్పాడు ఆంటోన్, ఏదీ వదలకుండా. పైన తను చెప్పకుండా వదిలేసిన రాళ్ళు ఒక్కొక్కటీ జోగారావుకి గుర్తొచ్చాయి. కళ్ళు చెమర్చాయి. చెమట అనుకుని భుజానికి తుడుచుకున్నాడు.

అలా వాగు దాటారు. ఆగుతూ, దించుతూ, మళ్ళీ ఎత్తుకుంటూ, ఎండ నడినెత్తికి వచ్చేసరికి కిందికి చేరారు. గౌరమ్మ కూతురు ఎదురొచ్చి గురువుగారి చెయ్యి పట్టుకుని లేవదీసింది. "సూత్తా ఉంది సామీ, దారికేసే సూత్తా ఉంది" అంది.

గురువుగారు కర్ర అందుకుని నిలబడ్డాడు. ఆంటోన్ తల మీద ఒకసారి చెయ్యి పెట్టాడు. ఆంటోన్ వంగి నమస్కారం చేసి, కారు దగ్గరికి నడిచాడు.

"గురువుగారూ" అన్నాడు జోగారావు. "నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు."

గురువుగారు అతని మొహంలోకి చూశాడు. కోపం లేదు. జాలి కూడా లేదు. ఏదో మరిచిపోయినది అడిగినట్టు అడిగాడు.

"ఆ లోపల కూకునే పిల్ల పేరేటన్నావు?"

తను పేరు చెప్పలేదు. పిల్ల అనీ చెప్పలేదు.

జోగారావు బాగున్న కాలి మీదకి ఒరిగి నిలబడ్డాడు.

"నీలవేణి" అన్నాడు.

గురువుగారు తల ఊపి, గౌరమ్మ కూతురి భుజం ఆసరాగా, మెల్లగా ఇంటికేసి వెళ్ళిపోయాడు.

జోగారావు కుంటుకుంటూ కారు కేసి నాలుగడుగులు వేశాడు. ముందు ఆంటోన్ కారు తలుపు తెరుస్తున్నాడు.

"ఆగు" అన్నాడు జోగారావు.

ఆంటోన్ అక్కడికక్కడే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, ఏదో బరువు దించడానికి సాయపడేవాడిలా రెండు చేతులూ చాచాడు.